మనుషులు లేని చోట కురిసే వాన

మా బైబిలు మాస్టారి స్మారక ప్రసంగానికి ఈసారి యోబు గ్రంథం ఎంచుకున్నాను. ఆయన బైబిలులో ఆ పుటల అంచుల నిండా పెన్సిలుతో పెట్టిన ప్రశ్నార్థకాలే.

28వ అధ్యాయం గని పనివాళ్లతో మొదలవుతుంది. మనిషి కొండ తొలిచి, చీకట్లో వేలాడి, రాతిని కరిగించి రాగి తీస్తాడు. జ్ఞానం చోటు మాత్రం ఆ గనిలో లేదు, సముద్రంలోనూ లేదు. ఉదయగిరి వైపు గరిమెనపెంట రాగి గుంతలు చూసినవారికి ఈ బొమ్మ కొత్త కాదు. అయితే గ్రంథం తవ్వేవాణ్ణి తిట్టలేదు. వాడి నేర్పు చెప్పాకే హద్దు చూపింది.

ఈ హద్దు మరిచిపోయేది ఎక్కువగా బోధకులమైన మేమే. 1876-78 ధాత కరువునే చూడండి. అప్పట్లో ఒంగోలు మన నెల్లూరు జిల్లాలోనిదే. అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలిగొన్నవాళ్లకు కూలి చూపించాడు. అడిగినవాళ్లకు బాప్తిస్మం మాత్రం వెంటనే ఇవ్వలేదు. అడిగేది ఆకలో, విశ్వాసమో! చాలాకాలం ఆగి, 1878లో మళ్లీ మొదలుపెట్టాడు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సంఘాలు నింపడానికే దేవుడు కరువు పంపాడని ఇప్పటికీ చెప్పేవారున్నారు. లక్షల శవాలను పక్కన పెట్టి వేసిన లెక్క అది. నాకు ఆ సంఖ్య కన్నా, దానికి ముందు క్లౌ ఆగిన నెలలే పెద్దవి.

అలాంటి లెక్కే నేనూ ఓసారి విన్నాను. ఉదయగిరి మెట్టలో ఓ ముసలి రైతు బోరు వేయించాడు. నీళ్ల జాడ చూస్తూ తిరిగితే అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడిన చోటే వేశారు. 600 అడుగులు దిగినా తెల్ల దుమ్మే. బండి వెళ్లిపోయింది, అప్పు మిగిలింది. ఆ ఆదివారం నేను 38వ అధ్యాయం చదివాను. మనుషులు లేని ఎడారి మీద వాన కురిపించేదెవరని దేవుడు యోబును అడిగే చోటికి రాగానే, ఆ రైతు చాప మీద నుంచే అందుకున్నాడు.

“అయ్యగారూ, మనుషులున్న మా మెట్ట ఆయనకు ఆనలేదా?”

కొందరు నవ్వారు. పక్కనున్న పెద్దాయన “ఏదో పాపం ఉండుంటుందిలే” అని గొణిగాడు. కష్టాల్లో ఉన్న యోబుకు స్నేహితులు ముగ్గురూ చెప్పిందీ అదే. నిజమే, యోబుకూ గద్దింపు తగిలింది. కానీ చివరికి దేవుడు మండిపడింది ఆ ముగ్గురి మీద. తన గురించి సరిగ్గా మాట్లాడింది యోబేనన్నాడు. దేవుణ్ణి వెనకేసుకొచ్చినవాళ్లకు చీవాట్లు, నిలదీసినవాడికి మెప్పు! మాస్టారు ఇక్కడ మాత్రం ప్రశ్నార్థకం పెట్టలేదు, గీత గీశారు.

ఆ రైతుకు నేను జవాబు చెప్పలేకపోయాను. నెల తర్వాత వెళితే, “రాండయ్యా, ఇంకో పాయింటు చూద్దాం” అంటూ చేనికి తీసుకెళ్లి, కొబ్బరికాయ నా చేతిలో పెట్టాడు. ఎండలో చేనంతా తిరిగాం. నా అరచేతిలో అది పడుకునే ఉంది.