కైరోప్రాక్టరు వద్దకు వెళ్లేముందు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. మనమూ వెళ్లి నాలుగైదు నెలలుండి వస్తున్నాం. అక్కడ నడుము పట్టేస్తే "కైరోప్రాక్టరుకు చూపిద్దాం" అంటారు పిల్లలు. ఆ విషయమై నా అనుభవం చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను డాక్టరును కాను. ట్రెజరీలో గుమాస్తాగా పనిచేసి 2008లో రిటైరైనవాడిని.

2022లో న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంట్లో ఉండగా సూట్‌కేసు ఎత్తబోతే నడుము కలుక్కుమంది. నాలుగు రోజులైనా తగ్గలేదు. అబ్బాయి కైరోప్రాక్టరు వద్దకు తీసుకెళ్లాడు. అక్కడ పెద్ద ఫారం చేతికిచ్చారు. పాత జబ్బులు, ఆపరేషన్లు, వాడిన మందులు అన్నీ రాయాలి. నేను అన్ని కాలమ్‌లలోనూ "నిల్" అని రాసి సంతకం పెట్టాను.

నిజానికి ఆయాసానికి ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడాను. నడుముకూ ఆయాసానికీ సంబంధమేమిటనుకున్నాను. పైగా పాత జబ్బు సంగతి తెలిస్తే ఇన్సూరెన్సువాళ్లు పేచీ పెడతారని, ఖర్చు అబ్బాయి నెత్తిన పడుతుందని భయం.

ఆయన బల్ల మీద పడుకోబెట్టి, "స్టెరాయిడ్లు ఎప్పుడైనా వాడారా?" అని మళ్లీ అడిగాడు. లేదన్నాను. మా ఆవిడకు ఇంగ్లీషు అంతగా రాదు గానీ ఆ ఒక్క మాట తెలుసు. ఇన్నేళ్లూ ఆ మాత్రలు నా చేతిలో పెట్టింది తనే కదా! "అదేమిటండీ, మీ ఆయాసం మాత్రలు అవేగా!" అంది.

ఆయన చేతులు వెనక్కు తీసుకున్నాడు. ఆ మందు ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లబారుతాయని, ముందు ఎక్స్‌రే తీయించాలని చెప్పి డాక్టరు వద్దకు పంపాడు. తీస్తే ఏముంది? ఒక వెన్నుపూస నొక్కుకుపోయి విరిగి ఉంది. దాని మీద బలంగా నొక్కించుకోబోయాను! నడుముకు బెల్టు, ఎముకలకు మందులు వాడితే మూడు నెలలకు మామూలు మనిషినయ్యాను.

బిల్లులో లోటుంటే ఆబ్జెక్షన్ రాసి వాపసు పంపిన చెయ్యి ఇది. అదే చెయ్యి నా ఒంటి విషయంలో తప్పుడు ఎంట్రీ వేసింది. అబ్బాయి డబ్బు గురించి ఒక్కమాట అనలేదు. "నా దగ్గర కూడా దాచారా నాన్నా" అన్నాడు. ఆ మాటే ఇంకా గుచ్చుకుంటోంది.

ఇక తెలుసుకోవలసిన విషయాలు. ఈ విధానాన్ని 1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ ప్రారంభించాడు. కైరోప్రాక్టరుకు ప్రత్యేకమైన చదువు, రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉంటాయి. అయినా ఆయన ఎం.డి. కాదు, ఆపరేషన్లు చేయడు. కొత్తగా వచ్చిన నడుము నొప్పికి వేడి కాపడం, మర్దన వంటి వాటితోపాటు వెన్ను సర్దడం కూడా ఒక మార్గమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో చెప్పింది. చాలా నడుము నొప్పులు కాలం గడిస్తే వాటంతట అవే తగ్గుతాయని కూడా చెప్పింది. సర్దేటప్పుడు "టక్" మనేది ఎముక కాదు, కీలులోని ద్రవంలో ఏర్పడే గాలి బుడగ. వెన్ను సర్దితే బి.పి., షుగరు పోతాయని ఎవరైనా అంటే నమ్మవద్దు.

మొదటిది: ఎముకల బలహీనత, స్టెరాయిడ్లు, రక్తం పలుచబడే మందులు, క్యాన్సరు, వెన్ను ఆపరేషన్, ఈమధ్య పడిపోవడం - ఇవేవి ఉన్నా ముందే చెప్పండి.

రెండవది: కాళ్లలో బలం తగ్గినా, మలమూత్రాలు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, జ్వరమున్నా కైరోప్రాక్టరు వద్దకు కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

మూడవది: మెడ విషయం. మెడను విసురుగా తిప్పితే అరుదుగానైనా మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం చీలి పక్షవాతం రావచ్చు. మన క్షౌరశాలలో తల మర్దన చేసి మెడ విరిచేదానికీ ఇదే హెచ్చరిక. "మెడ తిప్పవద్దు, మెల్లగా చేసే పద్ధతి ఉంటే చేయండి" అనే హక్కు మనకుంది. ఆ తర్వాత కళ్లు తిరిగినా, మాట తడబడినా, తీవ్రమైన తలనొప్పి వచ్చినా అక్కడైతే 911కు, ఇక్కడైతే 108కి వెంటనే ఫోన్ చేయాలి.

నాల్గవది: ఎన్నిసార్లు రావాలి, ఎంతవుతుంది అని ముందే అడగండి. పాతిక ముప్ఫై సిట్టింగులకు ముందుగా డబ్బు కట్టమంటే ఆలోచించండి. విజిటర్ పాలసీలో పాత జబ్బులకు ఏ మేరకు ఇస్తారో బయలుదేరేముందే పిల్లలచేత చదివించుకోండి.

చివరిగా ఒక మనవి. మీ జబ్బులు, మందులు ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్టుతో పాటు ఉంచుకోండి. ఒక కాపీ మీ ఇంటావిడకు లేదా ఇంటాయనకు, ఒకటి పిల్లలకు ఇవ్వండి. సర్వీసు రిజిస్టరులో ఒక ఎంట్రీ తప్పితే పెన్షన్ ఎన్నాళ్లు ఆగిందో మనకు తెలుసు. ఒంటికీ ఒక రిజిస్టరు ఉంది. అందులో "నిల్" అని రాసేముందు ఒక్క నిమిషం ఆగండి.