బడి కట్టడం – బడిని నిలబెట్టడం

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా సోమందేపల్లెలో జరిగిన మన సంఘ సభ్యుల, కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షను యజమాని దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని ఆ తీర్పు సారాంశం. ఏటా ఈ సభలో డీఏ బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను పట్టుకుని, "కట్టడాల పనిలో ముప్పై ఆరేళ్లున్నారు గదా, బడి భవనాల మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు.

నేను 1974లో ఓవర్సీరుగా చేరి 2010లో ఏఈగా రిటైరైనవాణ్ణి. ఉపన్యాసాలు నా విద్య కాదు. టేపు పట్టి కొలవడం, కొలతల పుస్తకంలో రాయడం, కింద సంతకం పెట్టడం, ఇదే నాకు తెలిసిన పని. కాబట్టి నేను కొలిచిన వాటి గురించే చెబుతాను. అందులో ఒక తప్పు కూడా ఉంది. అది ఇన్నేళ్లుగా లోపల పెట్టుకున్నాను. ఈ రోజు మీ ముందు చెప్పి బరువు దించుకుంటాను.

మన చిన్నతనంలో బడి అంటే ఏమిటో ఇక్కడున్న పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. ఊరి చావడి, గుడి అరుగు, చింతచెట్టు నీడ, లేదంటే బోద కప్పిన కొట్టం. కలిగిన ఊళ్లలో మట్టి మిద్దె. రాతి గోడలు, దూలాలు, వాటి మీద దంతెలు, పైన బోద, ఆపైన చవుడు మన్ను. ఎండాకాలంలో ఆ మిద్దె లోపల ఎంత చల్లగా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. అయితే దానికి ఏటేటా చవుడు పోయాలి, చెదలు చూసుకోవాలి. ఇల్లయితే ఇంటివాడు చూసుకుంటాడు. బడి అందరిదీ గనుక ఎవరూ చూడరు. ఒక ముసురు పడితే కారుతుంది. కారితే బడికి సెలవు.

కొట్టం సంగతి మరీ ప్రమాదం. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాల కొట్టపు కప్పుకు నిప్పంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

1986 జాతీయ విద్యా విధానం తర్వాత, 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు అన్ని కాలాల్లో పనికివచ్చే రెండు గదులు, ఒక వరండా, మగపిల్లలకు ఆడపిల్లలకు వేరువేరు మరుగుదొడ్లు, కనీసం ఇద్దరు టీచర్లు ఉండాలన్నారు. మంచి ఆలోచన. గదులు కట్టడానికి డబ్బు మాత్రం ఉపాధి పథకాల నుంచి రావాలన్నారు. 1989లో ఆ పథకాలన్నీ కలిసి జవహర్ రోజ్‌గార్ యోజన అయ్యాయి. అది కరువు సీమలో కూలి కల్పించే డబ్బు గనుక కూలి వాటా పెద్దది, సిమెంటుకు ఇనుముకు వాటా చిన్నది. పైగా మార్చి 31 లోపల ఖర్చు చూపించాలి. ఈ తేదీ ఎంత పని చేయిస్తుందో, ఎంత పని చెడగొడుతుందో ఇక్కడున్న ఉద్యోగులందరికీ తెలిసిందే.

ఇక నా తప్పు. 1991 మార్చి రెండో వారం. మన మండలానికి అవతల ఒక పల్లె. పేరు చెప్పను. రెండు గదుల బడికి స్లాబు వేశాం. ఊరి బావి ఎండిపోయింది. రెండు రోజులకొకసారి ట్యాంకరు వచ్చేది. స్లాబు వేశాక దాని మీద మడులు కట్టి కనీసం రెండు వారాలు నీళ్లు నిలపాలి. సిమెంటు గట్టిపడేది ఎండకు ఆరి కాదు, తడిలో నాని. ఆ నీళ్లు తాగనివ్వకపోతే పైకి బాగానే కనిపిస్తుంది గానీ లోపల గుల్ల.

నేను ట్యాంకరు దగ్గర నిలబడి, ముందు సగం నీళ్లు మిద్దెకు ఎక్కించమన్నాను. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని వరుసలో ఉన్నారు. అందులో ఒక ముసలమ్మ నావైపు చూసి, "సామీ, మీ మిద్దె తాగినంక ఏమన్నా మిగిలితే మా బిడ్డలకు పొయ్యండి" అనింది. అరవలేదు, తిట్టలేదు. మామూలుగానే అనింది. నేను తల దించుకుని నీళ్లన్నీ వాళ్లనే పట్టుకోమన్నాను.

అంతవరకు తప్పు లేదు. మనుషుల గొంతు తడపడమే ధర్మం. కానీ ఆ స్లాబుకు మొత్తం నాలుగు రోజుల నీళ్లు కూడా అందలేదని నాకు తెలుసు. తెలిసీ నెలాఖరుకు "పని సంతృప్తికరం" అని రాసి సంతకం పెట్టాను. అంతకంటే ముందే, "ఈ ఊళ్లో నీళ్లు లేవు, వానలు పడిన తర్వాత స్లాబు వేద్దాం" అని పైకి రెండు వాక్యాలు రాసి ఉండవచ్చు. రాయలేదు. నిధులు వెనక్కి పోతే మాట పడవలసి వస్తుందని భయపడ్డాను.

మూడో ఏడు వానకే ఆ మిద్దె కారింది. చెమ్మ తగిలి ఇనుము తుప్పు పట్టింది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కింది కాంక్రీటును తోసేస్తుంది. 2001లో ఒక రోజు రెండో తరగతి గదిలో తట్టెడు పెళ్ల ఊడి కింద పడింది. ఆ రోజు ఆదివారం. సోమవారం అయ్యుంటే ఏమయ్యేదో నేను మీకు చెప్పలేను. ఈ నాటికీ చెప్పుకోలేకనే ఉన్నాను.

ఆ బడికి అర మైలు దూరంలో దళితవాడలో మరో చిన్న బడి ఉండేది. అది ఆర్డీటీ వాళ్ల బడి. మన జిల్లాలో ఫాదర్ ఫెర్రర్ పేరు తెలియనివారు ఉండరు. బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో మన దేశానికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల మధ్య పనిచేసి, 1968లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చి, 1969లో తిరిగి వచ్చి అనంతపురంలో స్థిరపడ్డారు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అప్పుడు మొదలైంది. 2009 జూన్ 19న కన్నుమూసేదాకా ఆయన ఇక్కడే ఉన్నారు. బత్తలపల్లిలో ఆయన సమాధి ఉంది. ఆ సంస్థ కట్టిన ఇళ్లు, ఆసుపత్రులు మీరు చూసినవే. ఇళ్లను ఇల్లాలి పేర రాయించడం వాళ్ల పద్ధతి. పల్లె బడులు సర్కారు బడికి పోటీగా పెట్టినవి కావు. దళిత, గిరిజన, వెనుకబడిన కులాల పిల్లలు సర్కారు బడిలో వెనకబడి మానేయకుండా పొద్దున, సాయంత్రం చదివించేందుకు పెట్టినవి. ఆ గదే ఊరి సమావేశాలకూ పనికివచ్చేది.

ఆ వాడలోని బడి కట్టిన మేస్త్రీ నాకు తెలిసినవాడే. మా పనుల్లోనూ చేసేవాడు. మా బడి కారడం మొదలయ్యాక ఒకసారి అతణ్ణి అడిగాను: "ఏమప్పా, అదే ఇసుక, అదే సిమెంటు, అదే చెయ్యి. అది కారదు, ఇది కారుతుందేమి?" అతను నవ్వి, "సార్, ఆ స్లాబు మేము కార్తీకంలో ఏసినాము. బావిలో నీళ్లుండె. ఇంటికి రెండు బిందెలని ఊరోళ్లే లెక్క పెట్టుకుని పద్నాలుగు దినాలు మోసిరి. మీ బడికి నీళ్లు మొయ్యమని మీరెవురినన్నా అడిగితిరా?" అన్నాడు.

నిజమే. నేను అడగలేదు. అది సర్కారు పని, కాంట్రాక్టు పని అనుకున్నాను. ఊరివాళ్లూ అలాగే అనుకున్నారు. ఇద్దరమూ అనుకున్న ఆ మాటే ఆ మిద్దెను పడగొట్టింది.

ఇది మన సీమ సంగతే కాదు. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో అనే దేశం ఉంది. మనలాగే ఎండ, మనలాగే పేదరికం. అక్కడి గాండో అనే పల్లెలో ఫ్రాన్సిస్ కెరే అనే కుర్రవాడు ఉండేవాడు. ఊళ్లో బడి లేక వేరే ఊరికి వెళ్లి, ఉడికిపోయే ఇరుకు గదిలో చదువుకున్నాడు. వడ్రంగం నేర్చుకోవడానికి జర్మనీకి వెళ్లి, అక్కడే కట్టడాల శిల్పం చదివాడు. చదువుకుంటూనే స్నేహితులను కూడగట్టి, చందాలు పోగుచేసి, సొంత ఊళ్లో బడి కట్టడానికి పూనుకున్నాడు. ఊరి మట్టితోనే ఇటుకలు చేద్దామంటే ఊరివాళ్లు మొదట నమ్మలేదట. వానకు కరిగే మట్టి బడికేం పనికొస్తుందన్నారు. మట్టిలో కాస్త సిమెంటు కలిపి, అచ్చుల్లో నొక్కి, నిలబడుతుందని చూపించాక అందరూ చెయ్యి కలిపారు. గదులకు ఇటుకల కప్పు వేసి అందులో సందులు విడిచాడు. రేకును మాత్రం దానికి ఆనించకుండా చాలా ఎత్తున ఇనుప కమ్మీల మీద నిలిపాడు. గదిలోని వేడిగాలి సందుల్లోంచి పైకి పోతుంది, రేకు వేడి కిందికి దిగదు. ఆ బడి 2001లో పూర్తయింది. 2004లో ఆగా ఖాన్ వాస్తు పురస్కారం వచ్చింది. 2022లో ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చారు. ఆఫ్రికా నుంచి ఆ బహుమతి పొందిన మొదటివాడు ఆయనే. నాకు ఆ బహుమతుల కన్నా నచ్చింది వేరే ఉంది. కట్టడం నేర్చుకున్న ఊరివాళ్లు ఆ తర్వాత గదులు కావలసి వచ్చినప్పుడు తామే కట్టుకోగలిగారు.

దయగలవాళ్లు ఎక్కడినుంచో వచ్చి బడి కట్టి, శిలాఫలకం పెట్టి వెళ్లవచ్చు. సర్కారు కట్టవచ్చు. ఎవరు కట్టినా మూడు ప్రశ్నలకు ముందుగా జవాబుండాలి. ఈ ఊరి ఎండ ఎటునుంచి కొడుతుంది? ఈ ఊరికి నీళ్లు ఎప్పుడుంటాయి? రేపు దీన్ని చూసుకునేది ఎవరు?

మొదటి దానికి ఖర్చు లేదు. పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకు ఉండేట్టు కట్టాలి. తూర్పు పడమరల ఎండ వాలుగా వచ్చి గదిలో దూరుతుంది, దాన్ని చూరుతో ఆపలేం. కిటికీలు ఎదురెదురుగా ఉంటే గాలి ఆడుతుంది. మిద్దె మీద ఏటా తెల్ల సున్నం కొడితే గదిలో సెగ తగ్గుతుంది.

రెండో దానికి ఒక లెక్క చెబుతాను. అనంతపురం సీమలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. రెండు గదులు, వరండా కలిపి బడి మిద్దె 100 చదరపు మీటర్లు అనుకోండి. దాని మీద పడే వాన 55 వేల లీటర్లు. అయిదో వంతు వృథా పోయినా 44 వేల లీటర్లు మిగులుతుంది. బడి 220 రోజులు నడిస్తే రోజుకు 200 లీటర్లు. మొత్తం పట్టుకోలేకపోయినా, చిన్న తొట్టి కట్టుకుంటే ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళం పడకుండా చూడవచ్చు. మరుగుదొడ్డికి తాళం పడితే పెద్ద పిల్లలు బడి మానేస్తారు. టీచరమ్మలుగా పనిచేసినవారు ఇక్కడున్నారు, వారిని అడగండి.

మూడో ప్రశ్నకు జవాబు మనమే. అందుకే ఈ సభలో ఈ మాట ఎత్తాను. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. టీచరుకొక గది, మంచినీళ్లు, వేరువేరు మరుగుదొడ్లు, ప్రహరీగోడ ఉండాలని చట్టమే చెబుతుంది. మన పెన్షను భిక్ష కానట్టే పిల్లవాడి బడి కూడా భిక్ష కాదు. 2019లో మన రాష్ట్రంలో నాడు-నేడు పనులు మొదలై చాలా బడులకు కొత్త గదులు, బెంచీలు, రంగులు వచ్చాయి. సంతోషం. కానీ రంగు వేసిన ఏడాది కంటే పదో ఏడాది ముఖ్యం.

పోయిన ఏడాది ఆ పల్లెకు వెళ్లాను. నేను సంతకం పెట్టిన మిద్దె ఇప్పుడు లేదు, కూల్చి వేరే గదులు కట్టారు. ఆ ముసలమ్మా లేదు. కొత్త మిద్దె మీద నీళ్లు పోయే గొట్టం వేపాకులతో పూడిపోయి ఉంది, చీలికలో రావి మొలక లేచింది. నేను నిచ్చెన పట్టుకున్నాను, ఒక కుర్రవాడు ఎక్కి ఆకులు తీసి, మొలకను వేళ్లతో పెరికాడు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఏటా ఎవరైనా ఇస్తే ఆ మిద్దె ఈ పిల్లల పిల్లలదాకా నిలుస్తుంది.

కాబట్టి నా విన్నపం ఇది. ఏటా మే నెలలో, వానలకు ముందు, మనలో నలుగురం ఒక పూట మన ఊరి బడికి పోదాం. హెడ్మాస్టరు గారి అనుమతితో, యాజమాన్య కమిటీ వాళ్లను వెంటబెట్టుకుని చూద్దాం. మిద్దె గొట్టాలు పూడాయా? చీలికల్లో మొలకలున్నాయా? కప్పు కింద తుప్పు మరకలున్నాయా, కర్రతో తడితే గుల్ల చప్పుడు వస్తోందా? ప్రహరీగోడ ఒరిగిందా? కరెంటు తీగలు వేలాడుతున్నాయా? మరుగుదొడ్డికి నీళ్లున్నాయా? చిన్నవి మనమే చేయిద్దాం. పెద్దవి రాసి ఇద్దాం. మనలో టీచర్లున్నారు, గుమాస్తాలున్నారు, లైన్‌మెన్లున్నారు. అర్జీ రాయడం మనకంటే బాగా ఎవరికొచ్చు? మిద్దె ఎక్కే పని మాత్రం కుర్రవాళ్లకు వదిలేద్దాం, మన మోకాళ్ల సంగతి మనకు తెలుసు.

1991లో నేను రాయవలసిన రెండు వాక్యాలు రాయలేదు. ఇప్పుడు నాకు ట్రాన్స్‌ఫరు భయం లేదు, నిధులు వెనక్కి పోతాయన్న భయమూ లేదు. మనలో ఎవరికీ లేదు. రాయడానికి ఇంతకంటే మంచి వయసు ఏముంటుంది?