మొదటి బొంత
(మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



బొంత కుట్టడం నేర్చుకోవాలంటే ముందు బజారుకు పోయి కొత్త బట్ట కొనకండి. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు, లుంగీలు చాలు. పాతదానితో కొత్తది కలిపి కుడితే, ఉతికినప్పుడు కొత్తది ముడుచుకుని పాతదాన్ని లాగేస్తుంది. నైలాను అసలే వద్దు, చెమట పీల్చదు.

మొదటిది చంటిపిల్ల కింద పరిచేదే కుట్టండి, గజం పొడవు చాలు. పెద్దది మొదలుపెట్టి సగంలో అటకెక్కించినవాళ్ళు మనలో ఎందరు లేరు! పొరలు పరిచి, మధ్యనుంచి అంచులకు ముడతలు సవరిస్తూ పెద్ద పెద్ద టాకాలు వేయాలి. సన్న కుట్లు ఆ తర్వాతే. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ స్త్రీలు తమ కవందిని అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. అది చేయి తిరిగినవాళ్ళ పని. కుట్లు వంకర పోయాయని అత్తగారు నవ్వితే నవ్వనివ్వండి, విప్పకండి. దారం మాత్రం మూరెడే తీసుకోండి, చిక్కుపడదు.