వెనక సీటులో కూర్చునే వారికి



పండగకో, పెళ్ళికో పల్లెకు వెళ్ళాలంటే ఈ రోజుల్లో బస్సు కోసం ఎదురుచూసే ఓపిక ఎవరికుంది? ఆయన బండి తీస్తారు, మనం సంచి పట్టుకుని వెనక ఎక్కుతాం. పెద్ద రోడ్డు ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. పల్లె దారి పట్టాకే అసలు చిక్కు.

నడిపేది ఆయన కదా, మనకేం పని అనుకోకండి. 2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా వెళుతూ ప్రమాదాల్లో చనిపోయినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవారే! చట్టం ఇద్దరికీ హెల్మెట్ ఉండాలంటోంది. చాలా ఇళ్ళల్లో మాత్రం ఒక్కటే ఉంటుంది. జడ నలుగుతుంది, పూలు వాడతాయి అని మనమే వద్దంటాం. పూలు ఊరు చేరాక పెట్టుకోవచ్చునమ్మా! ఐ.ఎస్.ఐ. గుర్తున్నది కొని, గడ్డం కింద పట్టీ బిగించుకోండి. పట్టీ పెట్టకపోతే, కింద పడేటప్పుడు ముందు ఎగిరిపోయేది హెల్మెట్టే.

ఇక చీర సంగతి. వెనక చక్రాన్ని సగమైనా కప్పే అడ్డు, చేత్తో పట్టుకునేందుకు పిడి ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. బండికి అందం పోతుందని కుర్రాళ్ళు ఆ శారీ గార్డు ఊడదీయిస్తారు. ఊడదీయనివ్వకండి. కొంగు నడుముకు చుట్టి దోపుకోండి. చున్నీ అయితే వెనక్కి తీసి గట్టిగా ముడి వేయండి. చక్రంలో చిక్కుకున్న చున్నీ క్షణంలో మెడకు ఉరి అవుతుంది.

నాలుగేళ్ళలోపు పిల్లల విషయంలో 2023 నుంచి ప్రత్యేక నిబంధన ఉంది. బిడ్డను నడిపేవారికి బెల్టుతో కట్టాలి. తొమ్మిది నెలలు దాటితే చిన్న హెల్మెట్ పెట్టాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. ఇంటిల్లిపాదీ వెళ్ళాలంటే మాత్రం బస్సే మేలు.

కోతల కాలంలో తారు రోడ్డు మీద వడ్లు, మొక్కజొన్నలు ఆరబోస్తారు. ఆరబెట్టే చోటు లేక రైతు పడే పాట్లవి. గింజల మీద బ్రేకు వేస్తే బండి జారుతుంది. రాత్రికి పట్టాలు కప్పి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. ఆ రాళ్ళు చీకట్లో కనబడవు. వెనక దీపం లేని ట్రాక్టరు ట్రాలీ కూడా దగ్గరకొచ్చేదాకా కనబడదు. వానాకాలంలో కల్వర్టు మీద నీళ్ళు పారుతుంటే కింద గుంట ఉందో, అసలు రోడ్డే కొట్టుకుపోయిందో తెలియదు. అక్కడ ఆగి వెనక్కి తిరగడమే తెలివి.

అందుకే పొద్దుండగానే ఇల్లు చేరాలి. ఇది మన చేతిలో ఉన్న పని. అమ్మ పచ్చళ్ళు సర్దుతుంది, వదిన మాటల్లో పెడుతుంది, గుమ్మం దగ్గర మరో అరగంట! ఆ ఆలస్యం పూడ్చడానికి ఆయన చీకట్లో వేగం పెంచుతారు. పొద్దుగూకితే ఆ రాత్రికి అక్కడే ఉండిపోండి. తెల్లారి వెళితే కొంప మునగదు.

దారిలో ఎవరైనా పడి ఉంటే 108కి ఫోన్ చేయండి. సాయపడినవారిని పేరు చెప్పమని బలవంతపెట్టకూడదని నిబంధనలున్నాయి. భయపడక్కరలేదు.

"నెమ్మదిగా పోనీండి" అని వెనక నుంచి ఒక్క మాట అనడానికి మొహమాటపడకండి. విసుక్కుంటే విసుక్కోనీయండి. క్షేమంగా ఇల్లు చేరాక ఆ విసుగు ఎవరికీ గుర్తుండదు.

సెలవు.