మగవారి భోజనము – వయోభేదములు

గుంతకల్లు నుండి బెంగుళూరు పోవు రైలుదారిలో ధర్మవరము, పెనుకొండ, హిందూపురము వరుసగా తగులును. 2022 నుండి ఈ మూడును శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. వానలు తక్కువ, మెట్టపైరులే ఎక్కువ. రాగిసంగటి, జొన్నరొట్టె, వేరుసెనగ ఊరిబిండి, ఉలవలు, అనపగింజలు ఈ సీమవారి కూటికి ఆధారములు. 1983లో కిలో రెండురూపాయల బియ్యము వచ్చిన పిదప సంగటిముద్ద చాల యిండ్లలో వెనుకబడినది. ఆకలి తీర్చుటలో బియ్యము చేసిన మేలును మేము కాదనము. కాని మనుమడును, తండ్రియు, తాతయు ఒకే కుండలోని యన్నమును తినుచున్నపుడు ఎవరికేది కొఱతపడుచున్నదో చూడవలసి యున్నది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్కల ప్రకారము, పదునారు మొదలు పదునెనిమిదేండ్ల బాలునకు దినమునకు 3,320 కెలోరీల శక్తి కావలెను. కూర్చుండి పనిచేయు పెద్దవానికి 2,110 చాలును. బరువుపని చేయువానికి 3,470 కావలెను. ఇనుము బాలునకు 26 మిల్లీగ్రాములు, పెద్దవానికి 19. కనుక ఎదుగు పిల్లవాడు తండ్రికంటె ఎక్కువ తినుట తిండిపోతుతనము కాదు.

ధర్మవరపు నేతగాని సంగతి చిత్రమైనది. మగ్గపు గుంటలో కాళ్లుంచి దినమంతయు కూర్చుండును; కాళ్లును చేతులును మాత్రము ఆడుచునే యుండును. ఇతనిని ఏ తరగతిలో చేర్పవలెను? వేరుసెనగ చేనిలో వంగిన రైతుతో సమానముగా అన్నము తిన్నచో పొట్ట పెరుగును. ఎండ తగులదు గనుక డి విటమిను కొఱతకును అవకాశము గలదు. ఉదయము ఉగ్గాని, బజ్జీలు, నడుమనడుమ టీ. భోజనముతో త్రాగిన టీ ఆహారములోని ఇనుమును చక్కగ వంటబట్టనీయదు.

ఇక తాతగారు. మేము ముఖ్యముగా చెప్పదలచినది ఈయనను గూర్చియే. వయస్సు మీఱినకొలది శక్తి యవసరము తగ్గును. మాంసకృత్తుల యవసరము తగ్గదు. పెద్దవానికి దినమునకు 54 గ్రాములని లెక్క. సున్నపుధాతువు మాత్రము 1,000 నుండి 1,200 మిల్లీగ్రాములకు పెరుగును. మన యిండ్లలో జరుగునది దీనికి విరుద్ధము. పండ్లూడినవని పప్పు మానిపింతురు. అరుగదని గ్రుడ్డు మానిపింతురు. మజ్జిగయన్నము, ఊరగాయ మిగులును. తాతగారును తన వంతు గ్రుడ్డును మనుమని పళ్లెములో వేయుదురు. కండ కరగి, కాలు తడబడి, ఒకనాడు పడుదురు. దానిని ముసలితనమని సరిపెట్టుకొందుము.

నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నపుధాతువు గలదు. బియ్యములో అందు ముప్పదియవ వంతైనను లేదు. మజ్జిగ కలిపిన రాగియంబలి నమలనక్కఱలేదు. వేరుసెనగలలో నాలుగవవంతు మాంసకృత్తులే; పొడిచేసి అన్నమున కలుపవచ్చును. పండించిన కాయలన్నియు అంగడికి తోలి, చింతపండుచారుతో సరిపుచ్చుకొను రైతును చూచిన మాకు కష్టముగా నుండును. సంగటి తిన్నవారికి చక్కెరవ్యాధి రాదను మాట మాత్రము నమ్మదగినది కాదు. ముద్ద పెద్దదైనచో రాగియు పిండిపదార్థమే. మూత్రపిండముల జబ్బు గలవారు వైద్యునడిగియే పప్పు, గ్రుడ్డు పెంచవలెను.