అట్ట చాటున మరుగుపడిన పాట



ఈ సభలో సంగీతమును గురించి మాట్లాడవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను త్యాగయ్యగారినో క్షేత్రయ్యగారినో ఎత్తుకొంటానని వారు అనుకొని ఉంటారు. ఆ మహానుభావులను గురించి నాకంటె బాగా చెప్పగలవారు ఈ షోలాపూరులోనే ఉన్నారు. నేను చెప్పబోయేది అమెరికాలోని ఓక్లండ్ పట్టణంలో పుట్టిన ఒక హిప్‌హాప్ పాటల సంపుటిని గురించి. దాని పేరు "పార్టీ మ్యూజిక్". 2001 నవంబరులో వెలువడినది. పాడిన బృందం పేరు "ది కూ". అనగా గద్దెమీదివారిని ఉన్నట్టుండి కూలదోయడం. ముందువరుసలో పెద్దలు కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, ఉగాదినాడు నవ్వుతూ వినడం మంచిదే. అయితే మన ఇండ్లలో పిల్లలు చెవులకు తగిలించుకొని వినే ఈ రకం పాటను మనం చప్పుడని తోసివేస్తున్నాము. ఆ చప్పుడులో ఒక తండ్రి తన కూతురికి చెప్పిన బుద్ధులు కూడ ఉన్నవని తెలిస్తే తోసివేయడానికి మనసొప్పదు.

హిప్‌హాప్ అంటే మాటను తాళానికి కట్టి చెప్పడం. రాగం తక్కువ, మాట ఎక్కువ. బుర్రకథలో కథకుడు పాట ఆపి వడివడిగా వచనం అందుకొనే ఘట్టాలను తలచుకొంటే కొంత పోలిక దొరుకుతుంది. మనకు ప్రాస పాదంలో రెండవ అక్షరం; వారికి పాదాంతంలో ప్రాస ప్రధానం, నడుమ కూడ గొలుసుగా పేనుతారు. 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్ పేటలో ఒక చెల్లెలు, బడి తెరిచేలోగా కొత్తబట్టలకు డబ్బు కూడబెట్టాలని ఒక విందు ఏర్పాటు చేసినది. అన్న కూల్ హెర్క్ రికార్డులు వేసినాడు. ఆ రోజునే హిప్‌హాప్ పుట్టినరోజుగా జరుపుకొంటారు. ఆ అన్నాచెల్లెళ్లు జమైకా ద్వీపంనుంచి వలసవచ్చిన ఇంటి బిడ్డలు. ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టుకొని, గొంతు ఆగి డోళ్లు మాత్రమే మ్రోగే చిన్న తునకను మళ్లీ మళ్లీ తిప్పి, దానిని ఎంతసేపైనా సాగదీయడం హెర్క్ కనిపెట్టిన కిటుకు. ఆ తునకలు చాలవరకు ఫంక్ పాటలలోనివి.

ఫంక్ అంటే ఏమిటి? 1960ల నడుమ జేమ్స్ బ్రౌన్ అనే గాయకుడు దారి తీసిన బాణీ అది. అందులో బరువంతా తాళపు మొదటి దెబ్బమీద ఉంటుంది. మన సంగీతంలో "సమం" అంటామే, ఆ చోటికి డోలు, బాసు గిటారు, బాకాలు అన్నీ ఒక్కసారి దిగుతవి. తక్కిన దెబ్బలలో ఎవరి చిత్తం వచ్చినట్లు వారు తప్పించుకొని తిరుగుతారు, మళ్లీ సమానికి చేరుకొంటారు. మగ్గం ముందు కూర్చున్న ఇండ్లవారికి దీనిని వివరించనక్కరలేదు. నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంది. పన్నె మాత్రం తన సమయానికి వచ్చి కొట్టవలసినదే.

ఈ బాణీకి ఓక్లండ్ పుట్టినిల్లు కాకపోయినా మేనమామ ఇల్లు. టెక్సాసులో పుట్టి ఓక్లండ్‌లో పెరిగిన లారీ గ్రాహం అనే కుర్రవాడు, తల్లి పియానో వాయిస్తూ పాడుతుంటే బాసు గిటారుతో తోడు వాయించేవాడు. డోలు కొట్టేవాడు లేడు. అందుచేత బొటనవ్రేలితో తీగను మోది డోలు దెబ్బను కూడ తానే పలికించినాడు. లేమివల్ల పుట్టిన ఆ మోదుడును తర్వాత ఎన్నో దేశాల బాసు వాద్యకారులు నేర్చుకొన్నారు.

టెక్సాసు కుటుంబం ఓక్లండ్‌లో ఎందుకున్నదని అడగవచ్చు. మనవాళ్లు తెలంగాణపు ఊళ్లు విడిచి షోలాపూరు మిల్లులకు ఎందుకు వచ్చినారో వారిలో చాలమంది అందుకే వచ్చినారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఓక్లండ్ పక్కనున్న రిచ్మండ్ రేవులో కైజర్ కంపెనీ 747 ఓడలు కట్టినది. ఆ పనికోసం టెక్సాసు, లూసియానా, ఆర్కన్సా రాష్ట్రాలనుంచి నల్లజాతివారు వేలాదిగా తరలివచ్చినారు. 1940లో ఓక్లండ్‌లో వారి సంఖ్య ఎనిమిదిన్నర వేలలోపే. 1950 నాటికి 47 వేలు దాటినది. యుద్ధం ముగిసినది, ఓడల పని ఆగినది, మనుషులు మిగిలిపోయినారు. మిల్లు మూతపడిన తర్వాతి వీధి ఎట్లుంటుందో ఈ ఊరివారికి నేను చెప్పాలా? 1966లో బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టినది ఓక్లండ్‌లోనే. 1969లో పేదపిల్లలకు ఉదయం ఫలహారం పెట్టడం వారు మొదలుపెట్టినదీ అక్కడే.

"ది కూ" బృందానికి మాట బూట్స్ రైలీది. 1971లో షికాగోలో పుట్టి ఓక్లండ్‌లో పెరిగినాడు. తలిదండ్రులు ప్రజా ఉద్యమాలలో పనిచేసినవారు. రికార్డులు త్రిప్పే చేయి పామ్ ది ఫంక్‌స్ట్రెస్ అనే ఆమెది. మగవారి పనిగా చలామణి అయిన చోట ఆమె సాటిలేని నేర్పరి అనిపించుకొన్నది. 2017 డిసెంబరులో కన్నుమూసినది. "పార్టీ" అన్న మాటకు మన తెలుగులో వాడుకపడిన రెండు అర్థాలూ, విందు, రాజకీయపక్షం, ఆ సంపుటి పేరులో కలిసి ఉన్నవి.

ఇక దురదృష్టం సంగతి. 2001 వేసవిలోనే రికార్డు అట్ట సిద్ధమైనది. దానిమీద న్యూయార్కు జంటగోపురాలు ప్రేలుతున్నట్లు బొమ్మ. ముందు పామ్ చేతిలో వాద్యబృందాన్ని నడిపే బెత్తాలు. బూట్స్ చేతిలో ఉన్నది గిటారు శ్రుతి సరిచూచే చిన్న పరికరం. సంగీతమే ధనస్వామ్యాన్ని పడగొడుతుందని చెప్పడం వారి ఉద్దేశం. సెప్టెంబరు 11న నిజంగా ఆ గోపురాలు కూలినవి, సుమారు 3 వేలమంది చనిపోయినారు. సంస్థవారు అట్టను వెంటనే ఉపసంహరించినారు. మంట రేగుతున్న పానపాత్ర బొమ్మతో సంపుటి నవంబరులో వచ్చినది. కాని అప్పటికే లోకం ఆ మొదటి అట్టను చూచివేసినది. విమర్శకులు చాలమంది పాటలను మెచ్చుకొన్నారు; అయినా నేటికీ ఈ సంపుటి పేరెత్తితే పదిమందిలో తొమ్మిదిమంది అట్ట సంగతే చెబుతారు. బిడ్డలను పోగొట్టుకొన్నవారికి ఆ బొమ్మ చూస్తే కడుపు రగలడం సహజం. వారిని నేను తప్పుపట్టను. అట్ట తీసివేసిన తర్వాత కూడ లోపలి పాటను విననివారితోనే నా తగవు.

లోపల ఏమున్నది? "వేర్ క్లీన్ డ్రాస్" అనే పాట ఉన్నది. పేరుకు అర్థం ఉతికిన లోబట్టలు కట్టుకోమని. దారిలో ఏ ప్రమాదమైనా జరిగి నలుగురిలో పడితే పరువు పోకూడదని తల్లులు చెప్పే మాట! తండ్రి చిన్నకూతురికి బుద్ధులు చెబుతాడు. ఆడపిల్లలు బలహీనులన్న పిల్లవానికి తప్పని చెప్పమంటాడు. ఎవరైనా కొడితే తిరిగి కొట్టి, ఆ తర్వాత సంధి చేసికోమంటాడు. రాజకుమార్తెల కథలు చెప్పే పంతులమ్మను, ఆ సిరి ఎవరి ప్రాణాలు తీసి వచ్చినదో అడగమంటాడు. నాకు ఎక్కువగా నచ్చినది మరొకటి: బొమ్మరిల్లు ఆట ఆడితే అందులో మగవాడు ఇల్లు ఊడ్చినట్లు ఆడమంటాడు. బీడీలు చుట్టి, వండి, వడ్డించి, మళ్లీ బీడీలు చుట్టే మన తల్లులు ఈ ఒక్క మాటకు ఎంత సంతోషిస్తారో! ఈ బోధ అంతా గంభీరముగా చెప్పితే పిల్ల పారిపోయేది. క్రింద బాసు తీగ ఊగుతూ ఉంటుంది; పిల్ల ఊగుతూనే వింటుంది.

"నౌవలేటర్స్" అని ఒక తీపిబిళ్ల పేరుమీద ఇంకొక పాట. పడుచుతనంలో ఒక అమ్మాయి, బిడ్డ నీదేనని తనను నమ్మించినది. తర్వాత నిజం తెలిసినది. పెద్దవాడైన తర్వాత ఆ గాయాన్ని తలచుకొంటూ అతడు ఆమెను తిట్టడు. ఆ వయసులో ఆమె ఎంత భయపడి ఉంటుందో ఆలోచిస్తాడు, తనను విడిచిపెట్టినందుకు కృతజ్ఞత చెప్పుకొంటాడు. ఆడవారిని తూలనాడడం రివాజైన పాటల సంతలో ఈ గొంతు అరుదైనది. "హెవెన్ టునైట్" పాటలో, చచ్చిన తర్వాతి స్వర్గం కాక ఈ రాత్రి, ఈ వీధిలో స్వర్గం కావాలంటాడు.

అన్నీ నాకు నచ్చినవని చెప్పను. "ఫైవ్ మిలియన్ వేస్ టు కిల్ ఎ సీఈవో" అనే పాట, కంపెనీ అధిపతిని చంపడానికి యాభై లక్షల ఉపాయాలు అని పేరు, వినగానే ఒళ్లు జల్లుమంటుంది. ఉపాయాలు చాలవరకు హాస్యమే. ఏటిలో డబ్బు విసిరితే దానికోసం దొర తానే దూకుతాడన్న వరస. ఫంక్ దరువు చూస్తే సంపుటిలో దీనికి మించినవి కొద్ది. అయినా చావును నవ్వులాటకు తీసికొనడం నాకు రుచించదు. ఒకటి రెండు పాటలు కరపత్రం చదివినట్లుగా కూడ సాగుతవి. మోటుమాటలకు కొదువలేదు, చిన్నపిల్లలకు వినిపించేముందు పెద్దలు ఒకసారి వినడం మంచిది.

అయితే ఒకటి గమనించండి. కోపముతో పాడేవారు ఎక్కువగా పండ్లు కొరుకుతూ పాడుతారు. ఇక్కడ కోపం ఉన్నది, పండ్లు కొరకడం లేదు. అద్దె కట్టలేని ఇంటిలో కూడ పెళ్లి జరుగుతుంది, పెళ్లిలో డప్పు మ్రోగుతుంది. ఆ డప్పును వారు ఉద్యమానికి అరువు తీసికొన్నారు. అందుకే ఇరవైయేండ్లు దాటినా ఈ సంపుటి పాతబడలేదు. బూట్స్ రైలీ 2018లో "సారీ టు బాదర్ యూ" అనే చిత్రం తీసి మరింత పేరు తెచ్చుకొన్నాడు. చిత్రం చూచినవారిలో కొందరైనా వెనుకకు వచ్చి ఈ పాటలు విన్నారని నా ఆశ.

ఓక్లండ్‌కు ఎంతో దూరంలేని ఫ్రీమాంట్, శాన్ హోసే ఊళ్లలో ఇప్పుడు తెలుగు కుటుంబాలు వేలాదిగా ఉన్నవి. ఈ సభలోనివారి పిల్లలు కూడ కొందరు అక్కడ ఉండవచ్చు. ఈసారి ఫోను చేసినప్పుడు వాతావరణం, భోజనం అయిన తర్వాత ఈ పాట సంగతి అడిగి చూడండి.

కూతురికి చెప్పిన ఆ పాటను కార్యదర్శిగారు ఇప్పుడు వినిపిస్తారు. ఒకటి రెండు మాటలు మోటుగా దొర్లుతవి, క్షమించాలి. మాట అంతుపట్టకపోతే మొదటి దెబ్బను పట్టుకొని చేతితో తాళం వేయండి. వెనుకనున్న ఆడపిల్లలను కొంచెం ముందుకు రానివ్వండి.