కష్టమా, ఇబ్బందియా?

కీళ్లవాతముతో బాధపడువారిచేత వైద్యులును, వృత్తిచికిత్సకులును ఒక ప్రశ్నపత్రమును పూర్తి చేయించుట కలదు. వృత్తి యనగా ఇచట ఉద్యోగము కాదు; తల దువ్వుకొనుట మొదలు వంట వరకు మనము దినదినము చేసికొను పనులన్నియు. దుస్తులు ధరింపగలరా, మెట్లెక్కగలరా, కొళాయి త్రిప్పగలరా యని అందు అడుగుదురు. కష్టము లేనిచో 0, కొంత కష్టమైనచో 1, చాల కష్టమైనచో 2, చేయజాలనిచో 3. చికిత్స ఫలించుచున్నదో లేదో తేల్చుటలో ఈ అంకెలకు పాత్ర కలదు.

ఇట్టివానిలో ప్రసిద్ధమైనది అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జేమ్స్ ఫ్రైస్, ఆయన సహచరులు 1980లో ప్రకటించిన పత్రము. తొట్టిలో స్నానము చేయగలరా, మాంసము కోసికొనగలరా, కారు తలుపు తీయగలరా యని అది అడుగును. కాలిఫోర్నియాలో ఇవి నిత్యకృత్యములే. మన వైపున మాంసము ముట్టని ఇల్లాలు ‘చేయజాలను’ అని వ్రాసినచో ఆమె ఆచారము వ్రేళ్ల నొప్పి లెక్కలో కలియును! నేలపై బాసిపట్లు వేసికొని కూర్చొనుట మన మోకాళ్లకు అసలైన పరీక్ష. దాని ఊసే ఆ పత్రమున లేదు. 2002లో వెలువడిన భారతీయ రూపములో అదియు, ఆటోరిక్షా ఎక్కి దిగుటయు, కూరగాయల అంగడికి పోవుటయు చేరినవి.

ఇట్టి అనువాదములకు 2000లో బీటన్ మొదలైన పండితులు ఒక పద్ధతిని సూచించిరి. ఇరువురు వేరువేరుగా అనువదింపవలెను, రెంటిని కలిపి ఒకటి చేయవలెను, మూలము నెరుగని వారిచేత దానిని మరల మూలభాషలోనికి మార్పించవలెను, పండితసభ పరిశీలింపవలెను, తుదకు 30, 40 మంది రోగులను అడిగి చూడవలెను. ఈ కడపటి మెట్టును తేలికగా దాటరాదని మా అభిప్రాయము. స్నానపు తొట్టి ఎన్ని భాషలు తిరిగినను స్నానపు తొట్టిగానే తిరిగివచ్చును. అనువాదము నిర్దోషమే, ప్రశ్న మాత్రము వ్యర్థము.

వాతముతో వ్రేళ్లు వంకరలు పోయిన మా మేనత్తగారిని ఇట్టి ప్రశ్నలే అడిగి చూచితిమి. మెట్లెక్కుట కష్టమా అనగా, “కష్టపడకపోతే కాలం ఎట్లా గడుస్తుంది నాయనా?” అనిరి. మన భాషలో కష్టము బాధయు నగును, శ్రమయు నగును. కష్టపడువానిని మెచ్చుకొందుము కూడ. బట్టలు పిండగలరా అనగా, “కోడలు పిండుతుంది, నాకేం లోటు?” అనిరి. కోడలు ప్రక్కనే యుండెను. చేయకుండుటకును, చేయలేకుండుటకును గల భేదము ఆ జవాబులో మాయమైనది. ఆ పత్రమున ఆమెకు 0 పడియుండెడిది.

మరునాడు ఆమె ఒంటరిగా నున్నప్పుడు ప్రశ్న మార్చితిమి: “ఇంట ఎవరును లేనినాడు మీరే తడిబట్ట పిండవలసివచ్చినచో, ఈ వారములో మీకు ఎంత ఇబ్బంది యగును?” ఆమె కొంతసేపు మాటాడలేదు. పిదప కుడిచేతిని ఒడిలోనుండి పైకి తీసి, “ఈ చెయ్యి పట్టు తప్పి రెండు నెలలైంది. అబ్బాయితో అనకు” అనిరి.